లోపలివాళ్ళు ఒప్పుకోరట

పోయిన వారం ముత్యాలరాజుగారిని కంచం ముందు కోపంతో వదిలిపెట్టి వచ్చాం. ఆ కోపం ఎందుకో మరిచిపోయినవాళ్ళ కోసం, ఇవాళే ఈ కథలోకి తొంగిచూస్తున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

తాడేపల్లిగూడెంలో పలుకుబడి గల భూస్వామి మన రాజుగారు. ఏలూరులో దొరల క్లబ్బులో మెంబరు కావాలని ఆయనకు చాలాకాలంగా ముచ్చట. క్లబ్బు టెన్నిసు కోర్టు చుట్టూ లేచిన గోడ ఆయన పంపిన ఇటుకలతోనే లేచింది. తీరా పిలిపించి కూర్చోబెట్టి, నిన్నటిదాకా భుజం తట్టిన ఇంజనీరు దొర ఎంతో నొచ్చుకుంటున్నట్టు మొహం పెట్టి, "నాకేమీ అభ్యంతరం లేదు రాజుగారూ. కాని లోపల మా ఆడవాళ్ళు ఉంటారు. నల్లవాళ్ళతో కలిసి కూర్చోవడానికి వాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. రాజుగారు సాయంత్రం పాసింజరులో గూడెం తిరిగి వచ్చారు. కంచం ముందు కూర్చున్నారే గాని అన్నం కలపలేదు. వడ్డిస్తున్న భార్య కామేశ్వరితో ఒకటే మాట తిప్పి తిప్పి అన్నారు. "ఏ దొరసాని ఒప్పుకోదట? పేరు చెప్పమను. ఆవిణ్ణి ఎవడైనా అడిగాడా?"

అదీ అక్కడిదాకా జరిగింది. కామేశ్వరికి భర్త మీద జాలి పొంగుకొచ్చింది. ఆయన చేతులమీదుగా పదిమందికి పని జరుగుతుంది, ఆయన వస్తే మునసబు లేచి నిలబడతాడు. అటువంటి మనిషిని పట్టుకుని, మొహం చూపించని ఆడవాళ్ళ పేరు చెప్పి పంపేస్తారా? అంతకంటే పిరికిపని ఉంటుందా? ఆ మాటే పైకి అంది కూడా. రాజుగారు తల ఊపి, అప్పుడు అన్నం కలుపుకున్నారు.

ఇక తెల్లవారిన సంగతి.

ఎండ అరుగు మీదికి పాకే వేళకు ఒంటెద్దు బండి దిగి ఇద్దరు మనుషులు వచ్చారు. ముందున్న ముసలాయన ఎలీయాజరు. కొల్లేటి ఒడ్డు ఊళ్ళో మిషన్ బడి పంతులుగా చేసి మానేసినవాడు. వెనక ఆయన కూతురు సుగుణ. ఏలూరులో టీచరు ట్రైనింగు పూర్తి చేసింది. మాలపల్లెలోంచి మిషన్‌లో కలిసిన కుటుంబం వాళ్ళది. ఊరినుంచి ఏలూరుకు పడవలో, ఏలూరునుంచి గూడేనికి రైల్లో వచ్చారు. సుగుణ చేతిలో ఒక ట్రంకు పెట్టె, దానిమీద చుట్టిన పరుపు. ఆ పెట్టె చూస్తేనే తెలుస్తుంది, ఆ పిల్ల మాట్లాడి పోవడానికి రాలేదు, ఉండిపోవడానికి వచ్చింది.

ఎందుకు ఉండిపోదూ? రాజుగారి ఇంటి పెరటివైపు వసారాలో ఆడపిల్లల బడి ఉంది. కమిటీకి ప్రెసిడెంటు ఆయనే. పాత పంతులమ్మ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన దగ్గరనుంచి బడి మూతపడి ఉంది. పోయిన నెల సుగుణను రప్పించి, చదివించి, పద్యం చెప్పించి, లెక్క చేయించి, "ఇలాంటి పిల్లే కావాలి మాకు" అన్నది కూడా ఆయనే. బోర్డువాళ్ళు సరేనన్నారు. ఇక ప్రెసిడెంటు సంతకం ఒక్కటే మిగిలింది. అది పడకపోతే ఈ ఏడాదికి సుగుణకు ఇంకెక్కడా చోటు లేదు. వేరే బళ్ళన్నీ అప్పటికే నిండిపోయాయి.

ఎలీయాజరు వట్టి చేతులతో రాలేదు. మూతికి గుడ్డ కట్టిన కుండలో, నీళ్ళల్లో, ప్రాణాలతో ఉన్న కొర్రమీనులు తెచ్చాడు. రాజుగారికి కొల్లేటి కొర్రమీను పులుసంటే ప్రాణం. ఇంట్లో పనిచేసే మరిడమ్మ వచ్చి కుండ లోపలికి పట్టుకుపోయింది. చేపలు లోపలికి వెళ్ళాయి. తెచ్చినవాళ్ళు అరుగు మీద ఉండిపోయారు. ఈ ముక్క నేను ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు, ఆ ఇంట్లో అది ఎవరికీ వింతగా తోచలేదని చెబుతున్నాను.

ఆ ఇంటి కట్టుబాటు ఒకటి చెప్పాలి. రాజుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఘోషా పాటిస్తారు. పరాయి మగవాడి కంట పడరు, వాళ్ళ గొంతు సావిడిలో వినబడకూడదు. సావిడికీ లోపలి గదికీ మధ్య గుమ్మానికి మందపాటి తెర ఉంటుంది. లోపలి అమ్మగారు ఏదైనా చెప్పాలంటే దాసీతో చెబుతుంది. దాసీ తెర ఇవతలికి వచ్చి, "అమ్మగారు చెప్పమన్నారండి" అని మొదలుపెట్టి ఆ మాట అప్పజెబుతుంది. కామేశ్వరికి ఆ దాసీ మరిడమ్మ. ఈ ఇంట కాపురానికి వచ్చిన నాటినుంచి కామేశ్వరి నోరు బయటివాళ్ళకు మరిడమ్మ నోరే.

ఆ పొద్దున కామేశ్వరి తెర వెనక పీట వేసుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. సావిడి మాటలు ఆమెకు బాగా వినబడుతున్నాయి.

రాజుగారు ఖద్దరు ఉత్తరీయం సర్దుకుని కుర్చీలో కూర్చుని, ముందు కొల్లేరులో నీళ్ళెలా ఉన్నాయని అడిగారు. రెండో పంట, దాళ్వా ఊడ్పుల సంగతి అడిగారు. ఏలూరు సభలో హరిజనుల గురించి తాను చేసిన ఉపన్యాసం సంగతి ఎత్తి, అంటరానితనం ఈ దేశానికి పట్టిన తెగులని మరోసారి చెప్పారు. ఎలీయాజరు ప్రతి మాటకూ చిత్తమండి, చిత్తమండి అంటున్నాడు. సుగుణ అరుగు అంచున పెట్టె పక్కనే నిలబడి ఉంది. మనిషి ఇన్ని డొంకతిరుగుళ్ళు తిరుగుతున్నాడంటే చెప్పే మాట మంచిది కాదని ఆ పిల్లకు అప్పుడే అర్థమైపోయింది.

చివరికి ఆ మాట వచ్చింది.

"చూడమ్మాయీ, నాకేమీ అభ్యంతరం లేదు. నా సంగతి ఊరందరికీ తెలుసు. కాని బడి మా లోగిట్లో ఉంది. నువ్వు మా బావిలో నీళ్ళు తోడుకోవాలి, మా పెరట్లో తిరగాలి. లోపల మా ఆడవాళ్ళు ఒప్పుకోరు. పాతకాలపు మనుషులు. వాళ్ళను నొప్పించలేను గదా."

కామేశ్వరి చేతిలో పప్పు అలాగే ఉండిపోయింది.

ముందు ఆ మాట తన గురించని ఆమెకు తట్టలేదు. లోపల ఆడవాళ్ళెవరబ్బా అని నిజంగానే చుట్టూ చూసింది. అత్తగారు పోయి చాలాకాలమైంది. ఆడపడుచులు అత్తవారిళ్ళల్లో ఉన్నారు. ఈ ఇంట్లో ఆడదంటే తాను, మరిడమ్మ. మరిడమ్మ ఒప్పుకోదని ఎవరూ బడి ఆపరు గదా. అంటే ఆ పాతకాలపు మనుషులంతా కలిసి తనొక్కతే.

అప్పుడు నిన్నటి మాట గుర్తొచ్చింది. అదే మాట. అక్షరం పొల్లు పోలేదు. దొర ఇంగ్లీషులో అన్నదాన్ని ఈయన తెలుగులో అన్నారు, అంతే తేడా. నిన్న అన్నం ముందు ఈ మాటకే గదా ఆయన అంత మండిపడ్డారు! గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఎరగకపోవడం వేరు. రాత్రి ఎరిగి తెల్లారేసరికి మరిచిపోవడాన్ని ఏమనాలో నాకు తెలియదు. కామేశ్వరికి సిగ్గు వేసింది. ముందు భర్తను చూసి సిగ్గు, ఆ వెంటనే తనను చూసుకుని. తనను చూసుకుని ఎందుకో కాసేపటిలో మీకే తెలుస్తుంది.

బయట సుగుణ మెల్లగా అడిగింది, లోపలి అమ్మగారిని ఒక్కసారి తానే అడిగి చూడవచ్చా అని. దూరంగా నిలబడే అడుగుతానంది. రాజుగారు నొచ్చుకున్నట్టు నవ్వారు. ఘోషా ఇల్లమ్మా, అలా అడిగే వీలు ఉండదు అన్నారు.

ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. ఎవరి మీద పెట్టి తప్పుకుంటున్నాడో వాళ్ళను అడగడానికి వీల్లేదు. అడగడానికి వీల్లేని మనిషి ఇంట్లో ఉంటే మగవాడికి అంతకంటే భోగం ఏముంది?

కామేశ్వరి మరిడమ్మను దగ్గరికి పిలిచింది. నేను ఒప్పుకోనని ఎప్పుడు అన్నానో చెప్పమని అడుగు, ఈ ముక్క ఇలాగే చెప్పు అంది. మరిడమ్మ వద్దన్నట్టు తల ఊపింది. అయినా తెర పక్కకు తీసి బయటికి వెళ్ళింది. రాజుగారి మొహం చూసింది. ఆ మొహం చూశాక నోట్లోకి వచ్చిన మాట వేరు.

"అమ్మగారు చెప్పమన్నారండి. వచ్చినవాళ్ళకి మజ్జిగిమ్మన్నారండి."

కామేశ్వరి లోపలికి పిలిచి కసిరింది. మళ్ళీ పంపింది. ఈసారి మరిడమ్మ ఇంకొంచెం దూరం పోయి, అమ్మగారికి తలనొప్పిగా ఉందటండి, మాటలు తొందరగా ముగించమన్నారండి అంది. పాపం, దాని తిండి ఆ ఇంట్లోదే. దాన్ని అని లాభం లేదు. ఇన్నేళ్ళుగా తన మాటలన్నీ బయటికి ఇలాగే వెళ్ళాయేమోనని కామేశ్వరికి మొదటిసారి అనుమానం వచ్చింది. తన పేరుతో ఈ ఊళ్ళో ఎవరెవరికి ఏమేమి అందిందో!

పప్పు చేట పక్కకు నెట్టి తెర దగ్గరకు వచ్చి నిలబడింది.

"నేనలా అనలేదండి" అంది. "నన్నెవరూ అడగలేదు."

ఆ గొంతు పెద్దదేం కాదు. కాని ఆ సావిడిలో ఆ గొంతు ఎన్నడూ వినబడలేదు. ఎలీయాజరు దిగ్గున లేచి తల వంచుకుని, అరుగు చివరికి జరిగి నిలబడ్డాడు, వినకూడనిది విన్నట్టు. మరిడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రాజుగారికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. పరాయివాళ్ళ ఎదుట, అందులోనూ ఈ పరాయివాళ్ళ ఎదుట, తన భార్య తనను అబద్ధాలకోరును చేసింది. కోపం వచ్చిన మనిషి చేతికి ఏది దొరికితే అది తీసుకుంటాడు. ఆయనకు ఒక నిజం దొరికింది.

"ఒప్పుకోనని అనలేదా? అయితే పోయిన నెల ఈ అమ్మాయి నీళ్ళు తాగిన ఇత్తడి గ్లాసు నిప్పుల్లో పడేయించిందెవరు, నేనా?"

అదీ సంగతి. ఆ రోజు పద్యం చెప్పి దాహమని సుగుణ నీళ్ళు అడిగింది. మరిడమ్మ పొరపాటున లోపలి గ్లాసుతో ఇచ్చింది. వాళ్ళు వెళ్ళగానే కామేశ్వరి ఆ గ్లాసును పొయ్యి నిప్పుల్లో కాల్పించి, చింతపండు పెట్టి తోమించి, అప్పుడు గూట్లో పెట్టించింది. ఎవరూ చెప్పలేదు. తనకు తానుగా చేయించింది. ఈ సిగ్గే ఇందాక నేను చెప్పకుండా దాటేసింది.

 తెర ఇవతల మనుషులకు కనబడదు గాని, లోపల కామేశ్వరి సిగ్గుతో తల వంచుకుంది. సుగుణ మొహంలో రంగు పోయింది. ఆ నీళ్ళు తాగినప్పుడు చల్లగా ఉన్నాయండీ అని మరిడమ్మతో అన్న మాట ఆ పిల్లకు గుర్తొచ్చి ఉంటుంది. వంగి ట్రంకు పెట్టె పిడి పట్టుకుంది.

"అయితే రాజుగారు చెప్పింది నిజమేనండి" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే లోపల కామేశ్వరికి కొంత సుఖంగా ఉండేది.

రాజుగారు కుర్చీలో వెనక్కి వాలారు. గెలిచానని అనుకున్నారు. నిజం చెప్పి గెలిచినా ఆ గెలుపు ఆయనకు రుచించలేదు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఉన్నారు.

ఇక్కడితో అయిపోవలసింది. ఎలీయాజరు మంచితనమే అవనివ్వలేదు. పెద్దింటి అమ్మగారు తమవల్ల మాట పడ్డారని ఆయనకు నొప్పి. పోయే ముందు ఒక మంచి మాట చెప్పి, ఆమె మనసు తేలిక చేసి పోదామనుకున్నాడు. తల ఎత్తకుండానే, తెర వైపు చేతులు జోడించి అన్నాడు.

"అమ్మగారి తప్పేమీ లేదండి. పెద్దిళ్ళ ఆచారం, ఎవరినని ఏం లాభమండి. మా హన్నమ్మ కూడా ఆనాడు ఏమీ అనుకోలేదండి. అంత వానలో ఈ గుమ్మం దాకా వచ్చిందండి పాపం. అమ్మగారు తాకనివ్వరట, ఒప్పుకోరట అని చెబితే, పోన్లే, వారి ఇష్టం అనుకుని తిరిగి వచ్చేసిందండి. మనసులో పెట్టుకోలేదండి."

హన్నమ్మ ఆయన భార్య, సుగుణ తల్లి. అప్పట్లో ఈ ఊళ్ళోనే ఆసుపత్రిలో నర్సు. ఇప్పుడు కొల్లేటి ఒడ్డున ఇంటిపట్టున ఉంటోంది.

రాజుగారు తువ్వాలు దించారు. "ఇప్పుడవన్నీ ఎందుకు పంతులుగారూ" అన్నారు. అప్పటిదాకా ఎలీయాజరూ అని పిలిచినవాడు పంతులుగారూ అన్నాడు. అది ఎవరు గమనించినా గమనించకపోయినా తెర వెనక మనిషి గమనించింది.

"ఎప్పుడు వచ్చింది?" అంది కామేశ్వరి.

ఎలీయాజరు తడబడ్డాడు. రాజుగారి వైపు చూశాడు. అబద్ధం ఆయనకు చేతకాదు. అమ్మగారికి నొప్పులు వచ్చినప్పుడండి, ఆషాఢంలో, ఊరంతా నీళ్ళు నిలిచిన ఏడాది, అన్నాడు.

చదివేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. కామేశ్వరి ఆగిపోయింది గనక మనమూ ఆగాలి.

ఆ ఆషాఢం ఆమె మరిచిపోయేది కాదు. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది. కామేశ్వరి పంటి బిగువున ఓర్చుకుని, ఓర్చుకోలేక, ఎవరైనా సరే పిలవండి, ఏ కులమైనా సరే, ఎవరైనా సరే అని మరిడమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తెర అవతలనుంచి భర్త గొంతు వినబడింది. "ఆసుపత్రి నర్సుకు కబురు పెట్టాను. రానందట. వాళ్ళకి మనమంటే లెక్కలేదు." మగబిడ్డ పుట్టి ఏడవకుండానే పోయాడు. ఆ తర్వాత కామేశ్వరి కడుపు పండలేదు.

అప్పటినుంచి ఆమెకు ఆ మనుషులంటే మంట. పిలిస్తే రాని మనుషులు. ప్రాణం పోతున్నా గుమ్మం తొక్కని మనుషులు. ఆ మంటే గ్లాసును కాల్చింది.

"మరిడమ్మా" అంది కామేశ్వరి.  "ఆ రోజు నేను ఎవరినైనా సరే పిలవమన్నానా, లేదా?"

మరిడమ్మ ఒకసారి రాజుగారిని చూసింది, ఒకసారి తెరను చూసింది. మజ్జిగ, తలనొప్పి ఏవీ గుర్తు రాలేదు దానికి.

"అన్నారండి" అంది. "నా చెయ్యి పట్టుకుని అన్నారండి. గోళ్ళు దిగిపోయాయండి నాకు."

 తాను ఏం చేశాడో అప్పటికి తెలిసింది ఎలీయాజరుకు. సుగుణ పెట్టె పిడి వదిలేసింది. రాజుగారు తేలు కుట్టిన దొంగలాగా కూర్చున్నారు. చివరికి, అప్పుడు బాబాయిగారు ఇంట్లో ఉన్నారు, బాబాయిగారు ఒప్పుకోరని, రేపు బంధువుల్లో మాట వస్తుందని, అంటూ ఏదో మొదలుపెట్టారు.

"బాబాయిగారిని అడిగారా?" అంది కామేశ్వరి.

 బాబాయిగారు కాలం చేసి రెండేళ్ళయింది. ఎంత అడిగినా చెప్పలేని చోట ఉన్నారు. మన రాజుగారు ఎప్పుడూ అటువంటివాళ్ళనే ఎంచుకుంటారు, ఘోషాలో ఉన్నవాళ్ళను, పోయినవాళ్ళను. ఆయన కసాయివాడని నేను అనను. కసాయివాడైతే కథ తేలిక. ఆయన భార్యను ప్రేమించినవాడే, బిడ్డ పోయినప్పుడు గోడకు తల ఆనించి ఏడ్చినవాడే. ఆ ఏడుపులో ఎంత దుఃఖమో, ఎంత భయమో ఇప్పుడు కామేశ్వరి లెక్క వేసుకోవలసి వచ్చింది. ఆమె ఏడవలేదు. 

మళ్ళీ తెర వెనకనుంచి మాట వచ్చింది. ఈసారి అది భర్తతో కాదు.

"అమ్మాయీ, ఆ గ్లాసు కాల్పించింది నేనే. వారు అబద్ధం చెప్పారు గనక కాల్చానని అనను. అలా అంటే నేనూ వారి మాటే అన్నట్టవుతుంది. మీ అమ్మ ఆ రోజు లోపలికి వస్తే మొదట ఏమనేదాన్నో కూడా నాకు తెలియదు. వద్దనేదాన్నేమో. కాని ఆ మాట నా నోట రావాలి గదా. వస్తే ఆ పాపం నాది. నన్ను అడగనే లేదు. మీ అమ్మను నేను చాలా తిట్టుకున్నాను. ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. ఆవిడకు చెప్పు."

సుగుణ కళ్ళు నిండాయి. అయినా ఏడుపు రానివ్వలేదు. చెబుతానండి అని మాత్రం అంది.

కామేశ్వరి, బావిలో నీళ్ళు తోడుకో, బడి తాళంచెవి మరిడమ్మ ఇస్తుంది, అంది. ఎలీయాజరు మొహం విచ్చుకుంది. ఇంకెవరైనా అయితే చేతులు జోడించి తాళంచెవి పుచ్చుకునేవాళ్ళు. ట్రంకు పెట్టె ఎదురుగా ఉంది, ఏడాది తిండి ఎదురుగా ఉంది. కాని సుగుణ కదల్లేదు. ఆ పిల్ల చదువుకున్నదని కాదు, అవమానం పడ్డ మనిషి గనక ఒక ముక్క స్పష్టంగా కనబడింది దానికి.

"మీరు ఒప్పుకున్నారు, మీ దయ అమ్మగారూ. కాని సంతకం పెట్టవలసింది రాజుగారండి. వారు పొద్దుటినుంచి మీ సంగతి చెప్పారు, తమ బాబాయిగారి సంగతి చెప్పారు. తమ సంగతి ఇంకా చెప్పలేదండి."

అని రాజుగారి వైపు తిరిగి, ఎంతో మెత్తగా అడిగింది.

"నేను ఈ బడిలో ఉండటం మీకు ఇష్టమేనాండీ?"

ఆయనను ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నాకేమీ అభ్యంతరం లేదని వందసార్లు అన్న మనిషి ఇప్పుడు ఆ ఒక్క మాట అనబోతే నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆ మాట చివర 'కాని' పెట్టడానికి ఇక ఎవరూ మిగల్లేదు. అవునంటే సంతకం పెట్టాలి. కాదంటే అది తన మాట అవుతుంది, ఏలూరు సభలో చప్పట్లు కొట్టించుకున్న మనిషి మాట అవుతుంది. మింగలేకా కక్కలేకా కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. నిన్న ఆ మాట అంటున్నప్పుడు ఇంజనీరు దొర చెవులు కూడా ఇలాగే ఎర్రబడ్డాయని, దొరలకు ఎండ పడదేమోనని తాను అనుకున్నానని ఆయనకు గుర్తొచ్చింది.

"ఒక్క నిమిషం" అన్నారు చివరికి. "లోపల మాట్లాడి వస్తాను."

తెర దగ్గరికి నడిచారు. పెళ్ళయిన నాటినుంచి ఆ తెరను ఆయన అడిగి ఎత్తింది లేదు. తన ఇల్లు, తన గుమ్మం, తన మనిషి. చెయ్యి దానంతట అది అంచు పట్టుకుంది. కాని ఎత్తలేదు. వెనక ఆ తండ్రీకూతుళ్ళు చూస్తున్నారు. ముందు ఏ మొహం చూడాలో తెలియదు. అరుగు మీద వాళ్ళు నిలబడ్డట్టే తానూ ఇవతల నిలబడి, జీవితంలో మొదటిసారి తన ఇంట్లో తాను అడిగారు.

"రావచ్చా?"

లోపల గాజుల చప్పుడయింది. ఏదో మెల్లగా చెప్పడం వినబడింది. తెర కదిలి మరిడమ్మ బయటికి వచ్చి, రాజుగారి ఎదురుగా నిలబడి చేతులు కట్టుకుంది.

"అమ్మగారు చెప్పమన్నారండి. మీరు రావడానికి వారికేమీ అభ్యంతరం లేదటండి. కాని లోపల ఆడవాళ్ళు ఒప్పుకోరటండి."

ఈసారి మరిడమ్మ ఒక్క మాట కూడా మార్చలేదు.